ఆరు సెంట్లని రాసుంది, టేపు పెడితే ఐదు కూడా రాలేదు: పల్లెలో పాత మిద్దె కొనే ముందు సర్వే ఎట్లా చేయించుకోవాల?

పెన్నగట్టు కుర్రోడు | తాడిపత్రి | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. బెంగుళూరులో పని చేస్తాండా. మా అమ్మ ఇంక అపార్ట్‌మెంట్‌లో ఉండలేను, పల్లెకు పోతా అని పట్టు పట్టింది. తాడిపత్రికి పదిహేను కిలోమీటర్లలో ఒక ఊర్లో పాత మిద్దె ఇల్లు అమ్మకానికి ఉండాది. మట్టి మిద్దె, లోపలంతా నాపరాళ్ళు, వెనక చిన్న పెరడు, చుట్టూ రాతిగోడ. ఓనరు 13 లక్షలు చెప్తాండాడు. పడగొట్టి స్లాబు ఇల్లు కట్టుకోవాలని నా ప్లాను.

1987 దస్తావేజు చూపించినాడు. అందులో ఆరు సెంట్లని ఉంది. నిన్న నేనూ మా బావా పోయి టేపుతో కొల్చినాం. తూర్పు పడమరలు 38 అడుగులు, ఉత్తర దక్షిణాలు 56 అడుగులు. అంటే 2128 చదరపు అడుగులు. సెంటు 435.6 అడుగులు కదా, ఐదు సెంట్లు కూడా కాలేదు. ఆరు సెంట్లంటే 2613 రావాల. దాదాపు 485 అడుగులు యాడికి పోయినట్టు?

ఓనరును అడిగితే "మా నాయన కాలం నుంచి ఇంతే ఉండాది, ఆరు సెంట్లే" అంటాడు. శుక్రవారం లోపల రెండు లక్షలు బయానా ఇయ్యమంటాడు, కడప నుంచి ఇంకో పార్టీ వస్తాందంట. సర్వే చేయించాలంటే ఎవర్ని అడగాల? ప్రైవేటా, గవర్నమెంటా?

ఉగ్గాని బజ్జి | అనంతపురం | 9:52

కడప నుంచి ఇంకో పార్టీ వస్తానే ఉంటాది అన్నా. నేను ప్లాటు కొన్నప్పుడు వాళ్ళు నాలుగు నెల్లు దారిలోనే ఉన్న్యారు.

శనగచేను | జమ్మలమడుగు | 10:05

మేము కడపోళ్ళం, మేమేం రావడం లేదు. నీ ఇల్లు నువ్వే కొనుక్కో.

సీరియస్‌గా చెప్తా. బయానా ఇయ్యద్దు. ఇచ్చినాక కొలిస్తే నీ మాటకు విలువ ఉండదు. మా చిన్నాయన ఇట్లే లక్ష ఇచ్చి ఆ తర్వాత కొలిపించినాడు. తక్కువ వచ్చింది. "అట్లయితే వద్దులే, నీ లక్ష పంట వచ్చినాక ఇస్తా" అన్న్యాడు అమ్మినాయన. ఆ పంట మూడేండ్లైనా రాలేదు.

రోవర్‌గాడు | కర్నూలు | 10:21

నేను ప్రైవేటు సర్వేయర్‌ని. ఆ ఊర్లో రోవర్ (శాటిలైట్ సిగ్నల్‌తో కొలిచే మిషను) పెడితే గంటలో అయిపోతాది, సెంటీమీటర్లలో కొలత వస్తాది, ప్లాను గీసి ఇస్తా. గవర్నమెంటు సర్వేయర్ కోసం కాచుకుంటే నీ శుక్రవారం పోయి ఇంకో పది శుక్రవారాలు పోతాయి.

అనంత అక్క | గుత్తి | సోమవారం, ఉదయం 7:15

తమ్ముడూ, కొలత కంటే ముందు ఒక ప్రశ్న. ఆ ఇల్లు గ్రామకంఠంలో, అంటే ఊరి ఇళ్ళ జాగాలో ఉందా, పట్టా భూమిలో కట్టిందా, లేక గవర్నమెంటు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమిలో, అదే డీకేటీ పట్టాలోనా? మూడూ మూడు దారులు. డీకేటీ అయితే ముందు అమ్మే హక్కు ఉందో లేదో తేలాలి. అసైన్డ్ భూమి అమ్ముకోకుండా 1977లోనే చట్టం వచ్చింది, 2023లో కొంత సడలించారు. అయినా 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధ జాబితాలో ఉంటే రిజిస్ట్రారు ముట్టుకోడు. నోటరీ కాగితం మీద కొనుక్కున్న వాళ్ళు వారానికి ఒకరైనా మా ఆఫీసు మెట్లెక్కుతారు. ఇల్లు చూపిస్తారు, కరెంటు బిల్లు చూపిస్తారు, ఇంటి పన్ను రసీదు చూపిస్తారు. ఏం చెప్పమంటారు వాళ్ళకు?

నేను గుత్తిలో లాయరుని, అందుకే ఈ సొద.

పెన్నగట్టు కుర్రోడు | 8:02

గ్రామకంఠమే అక్కా. ఊరి నడిమధ్య, రచ్చకట్టకు నాలుగిండ్ల అవతల. దస్తావేజులో సర్వే నంబరు కూడా ఉంది. రిజిస్ట్రేషన్ సైటులో 22ఏ చూసినా, ఆ నంబరు లేదు.

గొలుసు మామ | కర్నూలు | 8:40

నాయనా, సర్వే శాఖలో 31 ఏండ్లు గొలుసు ఈడ్చి రిటైరైనోణ్ణి. రెండు మాటలు చెప్తా.

గ్రామకంఠం అంటే ఊరంతటికీ ఒకటే సర్వే నంబరు. ఎఫ్ఎంబీ, అంటే సర్వే కొలతల పటం తెప్పించుకుంటే ఊరి చుట్టూ గీత ఉంటాది, రాళ్ళ గుర్తులు ఉంటాయి, లోపల ఎవరి ఇల్లు ఎంత అని ఏమీ ఉండదు. ఖాళీ. పొలానికైతే అడంగల్, 1బి అని రెవెన్యూ రికార్డులు ఉంటాయి, సబ్‌డివిజన్ ఉంటాది, ఎఫ్-లైన్ పిటిషన్ (హద్దు కొలవమని అర్జీ) పెడితే సర్వేయర్ వచ్చి రికార్డు ప్రకారం రాయి నాటిపోతాడు. గ్రామకంఠంలో ఇంటికి ఏ రికార్డు ప్రకారం నాటాల? అందుకే మన రోవర్ పిల్లోడు సెంటీమీటర్లలో కొలుస్తా అంటే నవ్వొచ్చింది. కొలత తప్పు కాదు. దేన్ని కొలవాలో ఎవురు చెప్తారు?

ఇంగ అసలు సంగతి. నువ్వు టేపు లోపల పెట్టినావా, బయట పెట్టినావా?

పెన్నగట్టు కుర్రోడు | 8:47

లోపలే మామా. తలుపులన్నీ తీసి ముందు గోడ నుంచి పెరటి గోడ దాకా. అడ్డం కూడా లోపలే. బయట తూర్పు పక్క ఇంకో ఇల్లు అంటుకోనుంది, టేపు పెట్టే సందు లేదు.

గొలుసు మామ | 8:55

గోడ మందమెంత?

పెన్నగట్టు కుర్రోడు | 9:30

బావకు ఫోన్ చేసి కొలిపించినా. కిటికీ దగ్గర రెండున్నర అడుగులు. నాలుగు దిక్కులా దాదాపు అంతే అంటాడు, పెరటి గోడతో సహా.

ఉగ్గాని బజ్జి | 9:34

38కి ఐదు కలిపితే 43. 56కి ఐదు కలిపితే 61. 43 ఇంటూ 61 ఈక్వల్ టు 2623. ఆరు సెంట్లకు తొమ్మిది అడుగులు ఎక్కువే ఉంది సామీ! గోడల్లో సెంటుకు పైగా దాక్కోనుంది.

శనగచేను | 9:41

అమ్మ బ్బా. ఓనరు నిజమే చెప్పినాడన్నమాట. నేను మనసులో తిట్టుకున్నవన్నీ వెనక్కి తీసుకుంటాండా.

రోవర్‌గాడు | 9:50

సరే మామా, ఒప్పుకుంటా. అయినా ప్లాను ఉండాల కదా. రేపు కట్టుకునేటప్పుడు పంచాయతీ పర్మిషన్‌కు అడుగుతారు, బ్యాంకు లోనుకు అడుగుతారు.

గొలుసు మామ | 10:10

ప్లాను వద్దనలేదు, గీయించుకోమను. నువ్వే పోయి గీయి. ముందు హద్దులు తేల్చి ఆ తర్వాత గీయమంటాండా.

ఇప్పుడు కుర్రోడా, విను. కొలత సరిపోయిందని సంబరపడొద్దు. నాలుగు గోడలూ నీవే అనుకుంటేనే 2623. తూర్పు పక్క ఇల్లు అంటుకోనుందన్న్యావు. ఆ గోడ ఎవరిది?

పెన్నగట్టు కుర్రోడు | 10:22

ఓనరు మాదే అన్న్యాడు.

అనంత అక్క | 10:45

దస్తావేజులో చెక్కుబందీ, అంటే నాలుగు దిక్కుల హద్దులు ఏముందో అక్షరం మార్చకుండా ఇక్కడ పెట్టు. పేర్లు తీసెయ్. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే కోర్టులు మామూలుగా హద్దుల వైపే మొగ్గుతాయి. సెంట్లు లేఖరి వేసిన లెక్క. హద్దులు మనుషులు చూపించినవి.

పెన్నగట్టు కుర్రోడు | మధ్యాహ్నం 1:15

"తూర్పు: ఫలానా వారి ఇల్లు. దక్షిణం: రస్తా. పడమర: సందు. ఉత్తరం: ఫలానా వారి వామిదొడ్డి. ఈ నాల్గు హద్దుల మధ్య గల మట్టిమిద్దె ఇల్లు, పెరడు, గోడలు, దూలములు, దంతెలు, వాకిండ్లు సహా." ఇంతే ఉంది. వామిదొడ్డి ఇప్పుడు లేదు, అక్కడ వాళ్ళ కొడుకు బాత్రూము కట్టినాడు.

అనంత అక్క | 1:40

"తూర్పు: వారి ఇల్లు". గోడ గురించి ఒక్క ముక్క లేదు. 1987కు ముందుది, లింకు డాక్యుమెంటు అడుగు. ఓనరు నాయనకు ఆ ఇల్లు ఎట్లా వచ్చింది? కొన్నాడా, భాగాల్లో వచ్చిందా? ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) 1983 నుంచే దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి పాత పుస్తకాల్లో వెతికించాలి. ఓపిగ్గా కూర్చుంటే దొరుకుతుంది.

ఇంకొకటి, భాగాల్లో వచ్చుంటే ఓనరు అక్కచెల్లెళ్ళ సంగతి అడుగు. మన రాష్ట్రంలో 1985 నుంచే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఉంది, 2005లో దేశమంతా వచ్చింది. సంతకాలకు వాళ్ళూ రావాలి. "మా అక్క ఏమీ అనదులే" అంటారు. రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు అక్క అంటుంది.

కొండారెడ్డి బురుజు | కర్నూలు | సాయంత్రం 6:05

మధ్యలో దూరుతాండా, ఏమనుకోవద్దు. రీసర్వే జరిగిన ఊర్లలో ఈ కష్టాలు ఉండవు కదా? 2020 డిసెంబరులో మొదలు పెట్టినారు, డ్రోన్లు ఎగరేసినారు, గ్రామకంఠాలకు స్వామిత్వ అని సెంటర్ వాళ్ళ స్కీము కూడా వచ్చింది. ఇంటింటికీ కార్డు ఇస్తారంట.

శనగచేను | 6:30

మా ఊర్లో రీసర్వే అయింది అన్నా. సర్వే నంబర్లు పోయి ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చినాయి. నాకు పాస్‌బుక్కులో 2.40 ఉన్న చేను కొత్త లెక్కలో 2.31 అయింది. పక్కాయనకు పెరిగింది. మేమిద్దరం గెనెం (గట్టు) మీద నిలబడి ఒకరి మొకం ఒకరు చూసుకున్న్యాం, గెనెం మాత్రం ఉన్నచోటే ఉండాది. గ్రామసభలో అర్జీ ఇచ్చినా. దాని గురించి రాస్తే ఈ చర్చ పక్కకు పోతాది.

గొలుసు మామ | 7:10

డ్రోన్‌కు పైకప్పు కనపడతాది, గోడ ఎవరిదో కనపడదు. రెండు మట్టిమిద్దెలు అంటుకోనుంటే పైనుంచి చూస్తే మిద్దె మీద పోసిన చవుడు మట్టి ఒకటే.

మన్రో దొర ఈ సీడెడ్ జిల్లాలకు, అంటే మన సీమకు 1800లో కలెక్టరుగా వచ్చి, చేను చేనూ కొలిపించినాడు. ఆఖరికి 1827లో మన పత్తికొండలోనే కలరాతో పోయినాడు. అప్పుటి నుంచి కొలుస్తానే ఉండాం. పొలాలు కొలిచినంతగా ఇండ్లు ఎవరూ కొలవలా. శిస్తు వచ్చేది పొలం మీద కదా.

కుర్రోడా, ఈసారి పోయినప్పుడు టేపు పక్కన పెట్టి మిద్దెక్కు. పక్కింటోళ్ళను అడిగి వాళ్ళ ఇంట్లోకీ పో. తూర్పు గోడ మీద నీ దూలాలు ఆనించినారు సరే, వాళ్ళ దూలాలు యాడ ఆనినాయో చూడు. వాళ్ళకు వేరే గోడ ఉందా, లేక నీ గోడలోకే దిగినాయా? గూడు చేసి పెట్టినారా, తర్వాత పొడిచి దూర్చినారా? అదీ సర్వే అంటే.

పెన్నగట్టు కుర్రోడు | బుధవారం, రాత్రి 10:15

పోయొచ్చినా. లీవు పెట్టి మరీ. కొంచెం పొడుగ్గా రాస్తాండా, ఓర్చుకోండి.

ముందు సచివాలయానికి పోయినా. విలేజ్ సర్వేయర్ చిన్న పిల్లోడు, మర్యాదగా మాట్లాడినాడు. మామ చెప్పినట్టే ఎఫ్ఎంబీ చూపించినాడు, ఊరి చుట్టూ గీత తప్ప లోపల ఏమీ లేదు. "ఇంటి హద్దు నేను రాసి ఇయ్యలేనన్నా, ఇరుగుపొరుగు వాళ్ళ ఎదురుగా కొలత మాత్రం వేస్తా" అన్న్యాడు. సాయంత్రం వస్తానన్నాడు, వచ్చినాడు కూడా.

ఓనరు, నేను, బావ, పడమటింటి ఆయన, వామిదొడ్డి వాళ్ళ కొడుకు అందరం నిలబడినాం. పడమర సందు నాలుగడుగులు. ఓనరు అది కూడా మాదే అన్న్యాడు. పడమటింటాయన నవ్వి "నేను పుట్టినప్పటి నుంచి దాంట్లోనే నడుస్తాండా" అన్న్యాడు. సందులో పంచాయతీ కుళాయి పైపు ఉంది. దాంతో ఆ మాట ఆగిపోయింది.

తూర్పింట్లో ఒక అవ్వ ఉంది. ఎనభై దాటి ఉంటాయి. లోపలికి రానిస్తుందో లేదో అనుకున్నా. "రాండి నాయనా, మజ్జిగ తాగి చూసుకోండి" అనింది. లోపల చీకటి. మిద్దె మీద గవాచి (వెలుతురు కోసం వదిలిన కంత) లోంచి పడే వెలుతురు తప్ప ఏమీ లేదు. సెల్‌ఫోన్ లైటు వేసి గోడ పైకి చూస్తే దూలాల కొసలు వరసగా మా గోడలోకే దిగి ఉన్నాయి. దూలం కింద నాపబండ ముక్క పరిచి, చుట్టూ రాయి కోసి పెట్టినారు. తర్వాత పొడిచింది కాదు, గోడ లేపేటప్పుడే పెట్టింది. వాళ్ళ పక్క వేరే గోడ లేనే లేదు.

అవ్వను అడిగితే, "మా మామా, వాళ్ళ నాయనా కలిసి పెట్టిన గోడ నాయనా ఇది. రాయి వాళ్ళు తెచ్చినారు, మట్టి తొక్కింది మేము. నేనే తొక్కినా, కొత్త కోడల్ని" అనింది. ఓనరు ఏమీ మాట్లాడలా. కొంచేపు ఉండి "నాకు తెలీదవ్వా" అన్న్యాడు. అబద్ధం ఆడినాడని నాకు అనిపించలా. నిజంగానే తెలీదు, ఇరవై ఏండ్లుగా ప్రొద్దుటూరులో ఉంటాడు.

రేపు పొద్దున్నే రిజిస్ట్రార్ ఆఫీసు.

ఉగ్గాని బజ్జి | 10:31

నువ్వు జేసీబీ పెట్టి పడగొట్టుంటే అవ్వ మిద్దె నీ మీదికి వచ్చుండేది అన్నా. జోకు కాదు.

పెన్నగట్టు కుర్రోడు | 10:33

జేసీబీ వాణ్ణి మాట్లాడి పెట్టినా కూడా. రేటు మాట్లాడింది పోయిన వారమే.

అనంత అక్క | గురువారం, ఉదయం 6:50

మట్టి తొక్కిన కోడలు సాక్షిగా దొరకడం ఎంత అదృష్టమో తెలుసా! కోర్టులో ఉమ్మడి గోడ కేసులు పదేళ్ళు నడిచేవి చూశాను. కట్టినవాళ్ళు ఒక్కరూ బతికుండరు. ఆ అవ్వ చెప్పింది ఈ రోజే రాయించుకో.

పెన్నగట్టు కుర్రోడు | గురువారం, సాయంత్రం 5:20

దొరికింది. 1961 భాగపరిష్కార పత్రం. గుమాస్తా మూడు గంటలు వెతికినాడు, దుమ్ముకు ఇద్దరికీ తుమ్ములే తుమ్ములు. అందులో ఇట్లా ఉంది: "తూర్పు: ఫలానా వారి ఇంటి వుమ్మడి గోడ మధ్యకు." మధ్యకు! 1987లో రాసినాయన ఆ గోడ మాట వదిలేసి "వారి ఇల్లు" అని రాసి పోయినాడు. బహుశా కాగితం మిగిల్చినాడు.

అంటే నా అడ్డం కొలత 43 కాదు, సగం గోడ తీసేస్తే 41.75. ఇంటూ 61. సుమారు 2547 అడుగులు. ఐదు సెంట్ల 85.

రోవర్‌గాడు | 5:45

ఆ కొలతతో ప్లాను నేను గీస్తా అన్నా. పెట్రోలు ఖర్చు ఇస్తే చాలు. గోడ మధ్య గీత కూడా వేస్తా, నాలుగు పక్కల వాళ్ళ సంతకాలకు చోటు వదులుతా.

గొలుసు మామ | 6:15

ఇప్పుడు గీయించుకో నాయనా. ఆ పిల్లోడు మంచోడే, నేను ఊరికే ఏడిపించినా. ఇంకొక్కటి చూసుకో, మిద్దె మీది వాన నీళ్ళు దోనె లోంచి ఎటు పడతాయి?

పెన్నగట్టు కుర్రోడు | 6:40

రెండు దోనెలు మామా. ఒకటి రస్తాలోకి. ఇంకొకటి వెనక, వామిదొడ్డి వాళ్ళ బాత్రూము పక్కకు పడతాది. వాళ్ళ కొడుకు దాని గురించే గొణుగుతాండాడు.

అనంత అక్క | 7:00

ఇరవై ఏళ్ళు అడ్డం లేకుండా అటే పడుతుంటే అది నీ హక్కు అవుతుంది, ఈజ్‌మెంట్ అంటాం. అయినా కొత్త ఇల్లు కట్టేటప్పుడు పైపు వేసి ముందుకు తిప్పుకో. గెలిచే హక్కుకంటే పక్కింటోడితో మాట ముఖ్యం. అదెట్లాగూ స్లాబే కదా. రస్తా మీద కూడా ఒక చూపు వెయ్యి, సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇంటి గడప కిందికి పోయుంటుంది.

పెన్నగట్టు కుర్రోడు | 7:12

అర అడుగు కిందికి పోయింది అక్కా. వాన వస్తే లోపలికే. బేస్‌మెంటు లేపాల.

కొండారెడ్డి బురుజు | 8:30

రేటు తగ్గించినాడా మరి? ఆరు సెంట్లలో పదిహేను పాయింట్లు (0.15 సెంటు) పోయినాయి కదా.

పెన్నగట్టు కుర్రోడు | శుక్రవారం, మధ్యాహ్నం 2:50

12 లక్షల 60 వేలకు తెగింది. కానీ అది పెద్ద విషయం కాదన్నా. బయానా ఈరోజే ఇచ్చినా, రెండు లక్షలు కాదు, యాభై వేలు, చెక్కుతో. అగ్రిమెంటులో 1961 పత్రం నంబరు వేయించినా, తూర్పు హద్దు "ఉమ్మడి గోడ మధ్యకు" అని రాయించినా. ఓనరు వాళ్ళ అక్క ప్రొద్దుటూరు నుంచి వచ్చి సంతకం పెట్టిపోయింది. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఏడున్నర శాతం లెక్కేసి పెట్టుకున్నా.

ప్లాను మార్చినా. తూర్పు గోడ జోలికి పోను. దాన్నుంచి మూడడుగులు వదిలి లోపల పిల్లర్లు వేసి కట్టుకుంటా. మా గోడ పక్క మట్టి కారకుండా సిమెంటు పూయిస్తానంటే అవ్వ "సున్నం కొట్టు నాయనా, సిమెంటు పూస్తే గోడకు ఊపిరాడదు" అనింది.

గొలుసు మామ | 3:30

అవ్వ మాట విను. మట్టిగోడకు సిమెంటు పూస్తే లోపల చెమ్మ నిలబడి పెళ్ళలు పెళ్ళలుగా ఊడతాది.

నీ దూలాలు తీసేటప్పుడు ఆ గూళ్ళు ఖాళీగా వదలొద్దు. అదే రోజు రాయీ మట్టీ పెట్టి మూయించు. లేకుంటే అవ్వ పక్క బరువుకు గోడ నీ వైపు ఒరుగుతాది. ఆమె పక్కవి ఎన్ని దూలాలు లెక్కపెట్టినావు?

పెన్నగట్టు కుర్రోడు | 3:41

ఏడు మామా. మావి తొమ్మిది. ఒకటి ఇద్దరిదీ ఒకే రాయి మీద ఆని ఉంది, అటు కొస ఇటు కొస.

శనగచేను | 3:58

ఆ రాయి ఫోటో పెట్టు అన్నా.